దాలయ్య చెయ్యి

అన్నవాళ్లు పోయారు, విన్నవాళ్లు పోయారు, మాట మిగిలింది. ఆ మాటే చెబుతాను, వినండి.

వినడమంటే నోరు మూసుకుని కూర్చోవడం కాదు. నేను ఒక మాట అంటే మీరు "ఊఁ" అనాలి. అనకపోతే కథ ఎక్కడిదక్కడ దించేసి లేచి పోతాను. ముసలిదానికి ఇంత పట్టుదల ఏమిటీ అంటారా, చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది.

కొండ కింద బోయివలస అని ఒక ఊరుండేది. ఎప్పటి సంగతి అని మాత్రం అడగొద్దు. అప్పటికి రైలు లేదు, బస్సు లేదు. కొండ దాటాలంటే ఉన్నవాళ్లు పల్లకీ ఎక్కేవారు, లేనివాళ్లు పల్లకీ మోసేవారు. ఇది మోసేవాళ్ల ఊరు. ఆ ఊళ్లో దాలయ్య అని ఒక బోయీ, అతని పెళ్లాం గున్నమ్మ. వాళ్లకి ముగ్గురు పిల్లలు పుట్టారు, ముగ్గురూ నిలవలేదు. దాలయ్య ఎవరికీ పెద్దగా తెలిసినవాడు కాదు. ఎందుకంటే అతను వెనక బోయీ.

ముందు బోయీ, వెనక బోయీ అంటే ఏమిటో మీకు తెలియదు కదూ. పల్లకీ బొంగు కింద ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. ముందువాడికి దారి కనబడుతుంది. వెనకవాడికి పల్లకీ తప్ప ఇంకేమీ కనబడదు. అందుకని ముందువాడు పిలవాలి, వెనకవాడు పలకాలి.

"రాయి!" అంటాడు ముందువాడు. "ఊఁ" అంటాడు వెనకవాడు.

"పల్లం!" "ఊఁ."

"బురద!" "ఊఁ."

ఊఁ అన్నాకే ముందువాడు ఇంకో అడుగు వేస్తాడు. పిలిస్తే పలకనివాణ్ణి బొంగు కింద నిలబడనివ్వరు, అది బోయీల మొదటి కట్టుబాటు. ఇంకో కట్టు కూడా ఉంది. మోత భుజం మీద ఉన్నంతసేపూ ముందు బోయీ వెనక్కి తిరగకూడదు. మెడ తిప్పితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే పల్లకీ లోయలో ఉంటుంది. ఈ రెండు కట్లూ గుర్తుపెట్టుకోండి. మంచి కట్లే అవి, కానీ ఒకనాడు ఒకదానికొకటి అడ్డుపడి కొంప మునిగింది.

దాలయ్య నలభై ఏళ్లు వెనక మోశాడు. నలభై ఏళ్లు "ఊఁ" అన్నాడు. అతను ఎవరినీ పిలిచింది లేదు. ముందు మోసేవాడు గవరయ్య, వరసకి బావమరిది, వయసులో చిన్నవాడు, నోరు పెద్దది. గవరయ్యకి ఒక్కతే కూతురు. అంతకుముందు పుట్టినవాళ్లు పోతే, ఈ పిల్లనైనా చావు కన్నెయ్యకూడదని పుట్టగానే తవుడులో దొర్లించి తవిటి అని పేరు పెట్టుకున్నారు.

ఒకసారి ఒక తెల్లదొర కొండ కొలవడానికి వచ్చాడు. పల్లకీలో దొర, దొర పక్కన ఒక కుక్క. ఆ కుక్కని చూసి ఊరు ఊరంతా నోరు తెరిచింది. పొడుగు చూస్తే రెండు మూరలు. ఎత్తు చూస్తే జానెడు. కాల్చిన ఇటుక రంగు. చెవులు తమలపాకుల్లా వేలాడుతుంటాయి. గొంతు మాత్రం పులిలాంటి కుక్కది. ఇప్పుడు పట్నాల్లో ఇళ్లలో పెంచుకుంటున్నారే, డాచ్‌షండో ఏదో, నాకు నోరు తిరగదు, ఆ జాతి. అప్పట్లో పేరు ఎవరికి తెలుసు?

"బావా, ఇది కుక్కా, పల్లకీయా?" అన్నాడు గవరయ్య. "నడుం సూడు, పల్లకీ పెట్టె. కింద నాలుగు కాళ్లూ నలుగురు బోయీలు. ఆళ్లూ మనలాగే అరిగిపోయి పొట్టోళ్లయిపోనారు!"

అందరూ నవ్వారు. కుక్కకి ఆ పేరే నిలిచిపోయింది, పల్లకి అని.

కొండ మీద దొరకి చలిజ్వరం పట్టుకుంది. ఓడ రేవుకి మోసుకుపోయారు. మూడు రోజుల దారి. దారిలో పల్లకీ దించినప్పుడల్లా కుక్కని కిందికి దించేది దాలయ్యే, నీళ్లు పట్టేది దాలయ్యే. రేవులో దొరని మంచం మీద పడుకోబెట్టి ఓడెక్కిస్తుంటే, అతను దాలయ్యని సైగ చేసి పిలిచాడు. కుక్కని అతని చేతిలో పెట్టాడు. భాష తెలియదు కదా, చేతులతోనే మూడు మాటలు చెప్పాడు.

ఒక చెయ్యి కుక్క రొమ్ము కింద పెట్టాడు, ఇంకో చెయ్యి దాని వెనక తుంటి కింద పెట్టాడు. ఇలా ఎత్తాలి, ఒక్క చేత్తో ఎత్తకూడదు అని. అది మొదటి మాట.

రేవు మెట్లు చూపించి తల అడ్డంగా ఊపాడు. ఎక్కనివ్వకు, దూకనివ్వకు. అది రెండో మాట.

తన పొట్ట గిల్లి చూపించి మళ్లీ తల ఊపాడు. పొట్ట పెరగనివ్వకు. అది మూడో మాట.

ఎందుకని దాలయ్య అడగలేదు. దొర కుక్క వెన్ను మీద వేలితో ఒక గీత గీసి, గుప్పిట్లో పుల్ల విరిచినట్టు చూపించాడు. దాలయ్య కుక్కని రొమ్ముకి హత్తుకున్నాడు. నలభై ఏళ్ల మోతతో అతని నడుం కూడా అప్పటికే వంగిపోయి ఉంది. నడుం సంగతి అతనికి ఒకరు చెప్పాలా? "ఊఁ" అన్నాడు. ఓడ వెళ్లిపోయింది. దొర బతికాడో పోయాడో మనకు తెలియదు.

గున్నమ్మ మొదటి రోజు కుక్కని వీధిలోనే ఆపేసింది. "ముగ్గుర్ని సాకలేకపోనాను, దీన్నేటి సాకుతాను? నాకొద్దు," అంది. రెండో రోజు అరుగు మీదికి రానిచ్చింది. మూడో రోజు పొద్దున్న లేచేసరికి కుక్క ఆమె బొంతలో కాళ్ల దగ్గర దూరి పడుకుని ఉంది. గున్నమ్మ బొంత ఎత్తి చూసింది, మళ్లీ కప్పేసింది. ఆ తర్వాత వద్దన్న మాట ఆ ఇంట్లో వినబడలేదు.

పల్లకికి బొరియలంటే పిచ్చి. గట్టు కనిపిస్తే తవ్వేది, పుట్ట కనిపిస్తే తవ్వేది, గున్నమ్మ పొయ్యిలో బూడిద కూడా తవ్వేది. ఇక మొండితనం చెప్పనక్కర్లేదు. పిలిస్తే ఒకసారి చూసి, మళ్లీ తన తవ్వకం తను తవ్వుకునేది. బోయీల ఊళ్లో పిలిస్తే పలకనిది అదొక్కటే అని అందరూ వేళాకోళం చేసేవారు. ఆ మాట తర్వాత అబద్ధమైంది, దానికి ఇంకా టైముంది.

దాలయ్య మూడు మాటలూ నిలబెట్టుకున్నాడు.

గున్నమ్మ ఎండుచేప తలకాయలు దాచి దాచి పెట్టేది. దాలయ్య చూసి కసిరేవాడు. "ఏటే గున్నా, మోతకి ఎల్లేముందు బోయీ కడుపునిండా తింటాడేటి? దీని నడుం పడుకున్నా మోతలోనే ఉంటాది. గుప్పెడు పెట్టు, సాలు."

కొండవాగు పొంగుతుందని ఆ ఊళ్లో ఇళ్లన్నీ ఎత్తు మీద కడతారు, ప్రతి గుమ్మానికీ మూడు మెట్లు. కుక్క మెట్లు ఎక్కకూడదు కదా. దాలయ్య ఎర్రమన్ను మోసుకొచ్చి, మెట్ల పక్కన ఏటవాలుగా పరిచి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికాడు. మూడు రోజులు పట్టింది. ఆ బాట మీంచి పల్లకి పొట్ట ఊపుకుంటూ పైకి వెళ్లేది, కిందికి వచ్చేది.

"మనుషులకి దిక్కు లేదు గానీ, కుక్కకి రాజబాట ఏసినావా బావా?" అని గవరయ్య వీధిలో నిలబడి నవ్వాడు.

"నవ్వుకోరా గవరా. మెట్టంటే ఏటో నడుం పోయినోణ్ణి అడుగు," అన్నాడు దాలయ్య. కొన్నాళ్లకి అతను కూడా మెట్లు మానేసి ఆ బాట మీదే ఎక్కడం మొదలుపెట్టాడు. గవరయ్యకి అది ఇంకా నవ్వులాట అయింది.

ఇక ఎత్తడం. కుక్కని ఎవరు ఎత్తబోయినా దాలయ్య పరుగున వచ్చేవాడు. "ముందో సెయ్యి, ఎనకో సెయ్యి!" అనేవాడు. పిల్లలు ముద్దు చేసినా ఆ మాటే, గున్నమ్మ ఎత్తినా ఆ మాటే. ముందో సెయ్యి, ఎనకో సెయ్యి. ఊళ్లో పిల్లలకి అది పాట అయిపోయింది. దాలయ్య కనబడితే చాలు, వెనకనుంచి పాడేవారు. అతను కోప్పడేవాడు కాదు. సాయంత్రాలు ఆ మట్టిబాట మీద కూర్చుని, కుక్కని ఒళ్లో పెట్టుకుని, దాని చెవులు నిమురుతూ ఉండేవాడు. పక్కన గున్నమ్మ చేట పట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరేది. వాళ్లకి అంత సంతోషం పెళ్లయిన కొత్తలో కూడా లేదని చూసినవాళ్లు చెప్పుకునేవారు.

ఊఁ అంటున్నారా? అనండి. ఇప్పుడు కథ దిగుడులోకి వస్తుంది.

అమ్మవారి పండగ వచ్చింది. పండగ ముందు గోడలకి సుద్ద పూయాలి. సుద్దమన్ను కొండ అడుగున దొరుకుతుంది. తాతల నాటినుంచి తవ్వి తవ్వి అక్కడ పెద్ద బిలం తయారైంది. మొదట గుండెల లోతు దిగాలి, ఆ తర్వాత వంగి లోపలికి పాకాలి. పెద్దవాళ్లు పట్టరని పిల్లల్ని పంపేవారు. తప్పే, కానీ ఎప్పుడూ ఏమీ కాలేదు కదా అని అలాగే జరిగిపోతూ వచ్చింది. ఆ ఏడు ముందే వానలు పడ్డాయి, మన్ను నాని ఉంది. తవిటి చిన్న బుట్ట పట్టుకుని లోపలికి వెళ్లింది. కొండ ఒక్కసారి దగ్గినట్టు చప్పుడైంది. పైకప్పు కూలిపోయింది.

ఊరంతా పరిగెత్తింది. బిలం నోరు సగం పూడిపోయి, చేట పట్టేంత కన్నం మిగిలింది. తవిటి తల్లి కొంగు నోట్లో కుక్కుకుని నేలమీద పడిపోయింది. గవరయ్య గునపం పట్టుకుని ఇటు తవ్వబోయాడు, అటు తవ్వబోయాడు. తవ్విన చోటల్లా మన్ను జారుతోంది. లోపల పిల్ల ఎటు ఉందో తెలియదు. తప్పుచోట ఒక్క దెబ్బ పడితే మిగిలిన కొండ కూడా ఆమె మీద పడుతుంది.

దాలయ్య వచ్చాడు. రెండు చేతులా కుక్క. కన్నం దగ్గర దాన్ని దించాడు. దాని వెన్ను ఒకసారి నిమిరాడు.

"ఎల్లు తల్లీ," అన్నాడు.

పొట్ట నేలకి రాసుకుంటూ పల్లకి లోపలికి పోయింది. తోక కూడా కనబడకుండా పోయింది. దాలయ్య కన్నానికి నోరు పెట్టి పిలిచాడు.

"పల్లకీ!"

ఎన్నడూ పిలిస్తే పలకని కుక్క, మొదటి పిలుపుకే పలికింది. భౌ మంది. మూడుసార్లు పిలిచాడు, మూడుసార్లూ పలికింది. జనం కొండకి చెవులు ఆనించారు. గొంతు వచ్చేది ఎడమ పక్కన, మనిషి పొడవు లోపలనుంచి. అక్కడే చేతులతో, చిప్పలతో, మెల్లగా మన్ను తోడారు. ఒక మనిషి వంగి పట్టేంత దారి పడింది. నిటారుగా ఉన్నవాళ్లెవరూ పట్టలేదు. నలభై ఏళ్ల మోతకి వంగిపోయిన దాలయ్య నడుం పట్టింది.

లోపల తవిటి నడుం దాకా మన్నులో ఉంది. కళ్లు తెరిచే ఉంది. పల్లకి ఆమె చుట్టూ మన్ను తవ్వి తవ్వి, ముఖం తెల్లగా సుద్ద పట్టి ఉంది. దాలయ్య మిగతా మన్ను తోడి, పిల్లని రెండు చేతులమీద పెట్టుకుని మోకాళ్లమీద వచ్చాడు. కుక్క వెనకే వచ్చింది. గోతి అంచు గుండెల ఎత్తు. పైన గవరయ్య చేతులు చాచి కూతుర్ని రెక్క పట్టుకుని లాగబోయాడు.

"లాగకు!" అన్నాడు దాలయ్య. "ముందో సెయ్యి, ఎనకో సెయ్యి, గవరా!"

"ఊఁ," అన్నాడు గవరయ్య. ఒక చెయ్యి పిల్ల భుజాల కింద, ఒక చెయ్యి నడుం కింద. పిల్ల నడుం అప్పటికే దెబ్బతిని ఉంది, ఆ రోజు రెక్క పట్టి లాగి ఉంటే జన్మలో నడిచేది కాదని మంత్రసాని తర్వాత చెప్పింది. గవరయ్య పిల్లని ఎత్తుకుని ఊరివైపు నడిచాడు. పల్లకీ మోసినట్టే నడిచాడు. జనమంతా అతని వెంట నడిచారు.

గోతిలో మళ్లీ మన్ను జారడం మొదలైంది.

దాలయ్య మోకాళ్ల దాకా కూరుకుపోయాడు. ఒక చేత్తో పైనున్న చెట్టు వేరు పట్టుకున్నాడు. అది వదిలితే తను కిందికి పోతాడు. ఇంక మిగిలింది ఒక్క చెయ్యి. కుక్క అతని కాళ్ల దగ్గర పైకి చూస్తోంది.

బతుకంతా పిలుపుకి పలికినవాడు, ఆ రోజు మొదటిసారి మనుషుల్ని పిలిచాడు.

"ఒక సెయ్యి ఇయ్యండ్రా!"

మొదటి పిలుపు ఏడుపుల్లో కలిసిపోయింది. ఎవరికీ వినబడలేదు.

"ఒక సెయ్యి ఇయ్యండ్రా!"

రెండో పిలుపు కొందరికి వినబడింది. వాళ్లు గవరయ్యకేసి చూశారు. ముందువాడు తిరగలేదు, వెనకవాళ్లూ తిరగలేదు.

"గవరా! ఒక్క సెయ్యి!"

మూడో పిలుపు గవరయ్యకి వినబడింది. చేతిలో మోత ఉంది. మోత మీద ఉండగా ముందు బోయీ వెనక్కి తిరగడు. అతను తిరగలేదు. దూరంనుంచి ఎవరో మాత్రం అరిచారు. "కుక్కే కదా మామా, ఒగ్గేసి పైకి వచ్చీ!"

దాలయ్య వదిలెయ్యలేదు. ఉన్న ఒక్క చెయ్యి కుక్క రొమ్ము కింద పెట్టాడు. తలమీదుగా ఎత్తాడు. దాని నడుమంతా గాల్లో వేలాడింది. అలాగే అంచు మీదికి చేర్చాడు. ఆ ఎత్తడంలో చిన్న చప్పుడైంది. వెదురు బొంగు విరిగేముందు అలాగే చప్పుడు చేస్తుంది. అది ఇంకెవరికీ తెలిసేది కాదు. దాలయ్యకి తెలిసింది.

వేరు పట్టుకుని తనూ పైకి వచ్చాడు. కుక్క అంచున పడి ఉంది. ముందు కాళ్లతో అతనివైపు పాకింది. వెనక కాళ్లు మన్నులో ఈడ్చుకుంటూ వచ్చాయి. దాని తోక ఊగలేదు. ఊపుదామని అది అనుకుంది, ముఖం చూస్తే తెలిసింది, కానీ తోక ఊగలేదు.

దాలయ్య దాన్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఆలస్యమైపోయిందని తెలిసీ ఎత్తుకున్నాడు. ముందో చెయ్యి, వెనకో చెయ్యి. ఇంటికి వచ్చి మట్టిబాట మీద కూలబడ్డాడు.

"ఒక సెయ్యి తక్కువైపోనాదే గున్నా," అన్నాడు.

ఆముదం వెచ్చచేసి రాశారు, కాళ్లు కదల్లేదు. ఇసక కాపడం పెట్టారు, కాళ్లు కదల్లేదు. కొండమీద వైద్యుడి దగ్గర ఆకుకట్టు కట్టించారు, అయినా కదల్లేదు. దాలయ్య పల్లకీ మోతకి వెళ్లడం మానేశాడు. అతని రెండు చేతులకీ పని అక్కడే ఉంది. మూడు పూటలా కుక్కని ఎత్తుకెళ్లి, పొట్ట కింద మెల్లగా ఒత్తి ఒంటికి పోయించేవాడు. పుండ్లు పడకుండా పక్క మార్చేవాడు. పాత చీరతో దాని నడుం కింద ఉయ్యాలలా పట్టుకుని, ముందు కాళ్లతో నాలుగడుగులు నడిపించేవాడు. కూలి పోయింది కదా అని బోయీలు గింజలు తెచ్చి గుమ్మంలో పోసేవారు. గున్నమ్మ తీసుకునేది. దాలయ్య తలెత్తి చూసేవాడు కాదు.

గవరయ్య వచ్చాడు. మొదటిసారి కోడిని పట్టుకొచ్చాడు. దాలయ్య అన్నాడు, "ఒక సెయ్యి తక్కువైపోనాది."

రెండోసారి కూతుర్ని తీసుకొచ్చాడు. పిల్ల కుంటకుండా, వంకర లేకుండా, తన కాళ్లమీద తను నడిచి వచ్చింది. దాలయ్య పిల్ల తలమీద చెయ్యి వేశాడు. పిల్లని చూసి అతనికి సంతోషమే. కానీ గవరయ్యతో మళ్లీ అదే మాట. "ఒక సెయ్యి తక్కువైపోనాది."

"బావా," అన్నాడు గవరయ్య. అతని పెద్ద నోరు ఎక్కడికో పోయింది. "నాను ముందు బోయీని బావా. మోత మీదుండగా ఎనక్కి తిరగడం నా మెడకి తెల్దు. ఇన్నాను. నువ్వు పిలిసినావు, నాను ఇన్నాను. తిరగనేకపోనాను."

దాలయ్య వంగి కుక్కకి పక్క మార్చాడు. గవరయ్య వెళ్లిపోయాడు.

మూడోసారి ఉత్త చేతులతో వచ్చాడు. దాలయ్య కుక్కని వీధిలోకి తీసుకెళ్లడానికి వంగుతున్నాడు. నడుం పట్టేసి లేవలేకపోతున్నాడు. ముందు చెయ్యి పెట్టాడు, వెనక చెయ్యి చాలలేదు. గవరయ్య వంగి, కుక్క వెనక తుంటి కింద తన చెయ్యి పెట్టాడు.

ఇద్దరూ ఎత్తారు. దాలయ్య "ఊఁ" అన్నాడు.

ఆ రోజునుంచి మూడు పూటలా గవరయ్య వచ్చేవాడు. ముందు బోయీ వెనక చెయ్యి పట్టేవాడు. మోత జానెడు కుక్కే, అయినా ఊళ్లో అంత జాగ్రత్తగా ఏ మహారాజునీ మొయ్యలేదు.

మళ్లీ పండగ రాకముందే ఒక పొద్దున్న గున్నమ్మ వాగునుంచి నీళ్లు తెచ్చేసరికి దాలయ్య మట్టిబాట మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పల్లకి. ఒక చెయ్యి దాని రొమ్ము కింద, ఒక చెయ్యి తుంటి కింద. తల గోడకి వాలి ఉంది. కుక్క కళ్లు తెరుచుకునే ఉంది, అరవలేదు, కదల్లేదు. దాలయ్య మాత్రం చల్లబడిపోయి ఉన్నాడు.

ఆ చేతులు తీయడానికి ఎవరికీ మనసొప్పలేదు. గవరయ్య వచ్చి, ఆ చేతుల కింద తన చేతులు పెట్టి, "నాను పట్టుకున్నాను బావా, నువ్వు ఒగ్గు," అన్నాడు. అప్పుడు ఆ చేతుల పట్టు సడలింది. గున్నమ్మ ఆ మాట విని గుండె పగిలేలా ఏడ్చింది.

పాడె ముందు పట్టు గవరయ్యది. అతను పట్టలేదు. ముందు పట్టు ఇంకొకరికి ఇచ్చి, తను కుక్కని రెండు చేతులా ఎత్తుకుని పాడె వెనక నడిచాడు. బతుకులో మొదటిసారి గవరయ్య వెనక నడిచాడు.

దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. అక్కడ పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు, తెలుసు కదా. ఏ మూలనైనా ప్రాణం ఉంటే పలుకుతుందని ఆశ. గవరయ్య మోకాళ్లమీద కూర్చుని దాలయ్య చెవి దగ్గర నోరు పెట్టాడు.

"దాలయ్య బావా!"

పలకలేదు.

"దాలయ్య బావా!"

పలకలేదు. అన్నేళ్లలో గవరయ్య పిలుపుకి దాలయ్య పలకకపోవడం అదే మొదటిసారి. వెనకనున్న జనానికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు అతను గోతిలోంచి ఎన్నిసార్లు పిలిచాడో గుర్తొచ్చింది. ఎవరెవరికి వినబడిందో వాళ్లకే తెలుసు. మగవాళ్లు తలలు దించుకున్నారు. గవరయ్య మూడోసారి పిలవబోయాడు, గొంతు రాలేదు. అప్పుడు ఊరంతా కలిసి పిలిచింది.

"దాలయ్యా!"

కొండకి తగిలి ఆ పిలుపే తిరిగొచ్చింది. గవరయ్య చేతుల్లో కుక్క ఒక్కటే తలెత్తి, భౌ మని పలికింది.

పల్లకి ఇంకో వానాకాలం బతికింది. ఒక చెయ్యి గున్నమ్మది, ఒక చెయ్యి గవరయ్యది. అది పోయాక మట్టిబాట మొదట్లోనే పాతిపెట్టారు. గున్నమ్మ బతికున్నన్నాళ్లూ పండగకి గోడలకి సుద్ద పూసే ముందు ఆ బాట అలికేది. ఆమె పోయాక ఆ పని గవరయ్య కూతురు తవిటి చేసింది. తవిటి పోయాక ఊరు చేసింది.

ఇప్పుడు ఆ ఊళ్లో పల్లకీలు లేవు, బోయీలూ లేరు. ఆటోలు తిరుగుతున్నాయి. సుద్దబిలం ఆ ఏడే పూడ్చేశారు, మళ్లీ ఏ పిల్లనీ దింపలేదు. కానీ ఎన్ని సిమెంటు ఇళ్లు కట్టినా గుమ్మం మెట్ల పక్కన ఏటవాలుగా ఒక బాట వేస్తారు. ఎందుకని పిల్లలు అడిగితే, "పల్లకి ఎక్కాలి కదా," అంటారు. నడుం పోయిన ముసలివాళ్లు దానిమీదే ఎక్కుతారు, దాలయ్యలాగే. అక్కడ పసిబిడ్డని అందించినా, జబ్బుమనిషిని లేపినా, గొర్రెపిల్లని ఎత్తినా, వెనక పట్టే చేతిని దాలయ్య చెయ్యి అంటారు. ఎవరైనా "దాలయ్య సెయ్యి!" అని కేక వేస్తే చాలు, పగవాడైనా, పరాయివాడైనా, పెళ్లిపీటల మీద ఉన్నవాడైనా "ఊఁ" అని పరుగున వచ్చి చెయ్యి పెట్టాలి. మొదటి పిలుపుకే పెట్టాలి. రెండోసారి పిలవనిస్తే ఆ ఊళ్లో తలెత్తుకోలేరు.

అందుకే మిమ్మల్ని ఊఁ అనమన్నాను. నాది ఆ ఊరే. తవిటి మా ముత్తవ్వ.

అన్నవాళ్లు పోయారు, విన్నవాళ్లు పోయారు. ఆ రోజు తక్కువైన చెయ్యి మాత్రం ఊళ్లో ఉంది. ఏదీ, నన్ను లేపండి. నా నడుం కూడా పట్టేసింది. ముందో చెయ్యి, వెనకో చెయ్యి.